సీడీలు కొనేవాడు వెర్రివాడా?

మొన్న ఆఫీసులో లంచ్ టైములో బ్యాగులోంచి టిఫిన్ డబ్బా తీస్తుంటే దాంతోపాటు ఒక సీడీ కూడా బయటపడింది. అంతే.. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ దాన్ని మ్యూజియంలో రాక్షసబల్లి ఎముకని చూసినట్టు చూశారు. "ఇంకా ఇవి కొంటున్నావా గురూ? నెలనెలా ఓ వందో రెండొందలో కడితే ప్రపంచంలో ఉన్న పాటలన్నీ ఫోన్లోనేగా!" అని ఒకాయన తెగ జాలిపడిపోయాడు. అక్కడ నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ మాటేదో ఇక్కడైనా కక్కకపోతే తిన్నది అరిగేలా లేదు.

ముందు మన ఘనచరిత్ర తవ్వుకుందాం. 2000 ప్రాంతాల్లో కోఠీ ఫుట్‌పాత్ మీద ఎంపీత్రీ సీడీలు గుట్టలుగా పోసి అమ్మేవాళ్ళు గుర్తుందా? అసలు ఆడియో సీడీలో పట్టేది మహా అయితే 80 నిమిషాలు. అదే సీడీలో 128 కిలోబిట్ల ఎంపీత్రీలు కుక్కితే నూటయాభై పాటలు పట్టేవి. ఎవరి సొమ్మని ఎవరూ అడగలేదు. నేనూ కొన్నాను, బొంకను. మరి పొద్దున లేచి మనం చేసే ఉద్యోగమేంటయ్యా అంటే.. లైసెన్సు లేనివాడు మన సాఫ్ట్‌వేర్ వాడకుండా తాళాలు బిగించడం! మన కోడుకి లైసెన్సు కావాలి, వేటూరి రాసిన పాటకి మాత్రం అక్కర్లేదు. ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

"అదంతా పాత కథ. ఇప్పుడు బుద్ధిగా డబ్బు కడుతున్నాంగా" అంటారా? కడుతున్నారు, సంతోషం. కానీ ఏం కొన్నారు? ఇల్లు అద్దెకి తీసుకుని గృహప్రవేశం చేసుకున్నట్టుంది మన వ్యవహారం. నేనూ ఒక యాప్‌లో ఆరేళ్ళపాటు ఏరి ఏరి పాటల జాబితాలు కట్టుకున్నాను. ఒకరోజు వాళ్ళు దుకాణం కట్టేస్తున్నామని మెయిల్ పెట్టారు. జాబితాలు గోవిందా! యాప్ నిలబడినా పాట నిలబడుతుందన్న నమ్మకం లేదు. 2023 మార్చిలో స్పాటిఫైకీ జీ మ్యూజిక్‌కీ ఒప్పందం కుదరక బోలెడు హిందీ పాటలు అందులోంచి మాయమయ్యాయి. వింటున్నవాడిని ఎవరైనా అడిగారా? అద్దెకున్నవాడిని ఎవడడుగుతాడు!

ఇక్కడ శబ్దం నాణ్యత గురించి నేను కొట్లాడట్లేదు. సెకనుకి 1411 కిలోబిట్ల సీడీ నాణ్యత ఇప్పుడు యాప్‌లలోనూ దొరుకుతోంది. నా గొడవ వేరు.

2004లో ఆన్‌సైట్ మీద కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు, బర్క్‌లీలో అమీబా మ్యూజిక్ అనే కొట్టుకి ఒక సహోద్యోగి లాక్కెళ్ళాడు. అరలకి అరలు.. రాక్, జాజ్, బ్లూస్, ఎక్కడో ఓ మూల మన రవిశంకర్. ప్రతి ధరనీ 45తో గుణించి గుండె పట్టుకునే రోజులవి. అందుకని సెకండ్ హ్యాండ్ డబ్బాలు వెతికి మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' (1959) కొన్నాను. జాజ్ అంటే ఏంటో కూడా తెలీదు. మొదటిసారి విన్నప్పుడు "డబ్బులు దండగ" అనుకున్నాను. అదే యాప్ అయితే ముప్ఫై సెకన్లకి పక్క పాటకి పోయేవాడిని. కానీ డబ్బు పెట్టి కొన్నానే! కక్కలేక మింగలేక మళ్ళీ మళ్ళీ విన్నాను. లోపలి కాగితాల్లో ఆ ఆల్బమ్‌కి పియానో వాయించిన బిల్ ఇవాన్స్ రాసిన చిన్న వ్యాసం ఉంది.. జాజ్‌లో అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడాన్ని, దిద్దడానికి వీల్లేకుండా గీసే ఒక జపాన్ చిత్రకళతో పోలుస్తాడు. అది చదివాక "ఓహో, మన కచేరీల్లో మనోధర్మం అంటారే, దానికి చుట్టమన్నమాట!" అని బల్బు వెలిగింది. నేను బాలమురళిని శ్రద్ధగా వినడం మొదలెట్టింది ఆ తర్వాతే. నవ్వకండి, నిజం.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' (1986) కోసం ఒక షాపుకి వెళితే, సేల్స్ కుర్రాడు తమిళ సినిమాల అర, శాస్త్రీయం అర, పాశ్చాత్యం అర మూడూ వెతికాడు. త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చిన ఆల్బమ్‌ని ఏ అరలో పెట్టాలో పాపం వాడికేం తెలుసు! అయితే అలా వెతకడంలోనే నాకు ఇంకో నాలుగు సీడీలు తగిలాయి. మనకి నచ్చిందే మళ్ళీ మళ్ళీ వడ్డించే యాప్‌కి ఈ ముచ్చట ఉందా?

ఇంకో మాట. మా టీములో కుర్రాడిని "శంకరాభరణం (1980) పాటలు ఎవరు రాశారు?" అనడిగితే "ఎస్పీ బాలు" అన్నాడు. వాడి తప్పు కాదు, తెర మీద పెద్దగా కనబడే పేరదే. ఆ ఒక్క సినిమాలో వేటూరితో పాటు త్యాగరాజు, రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యులు ఉన్నారు. సీడీ అట్ట మీద 'రచన' అనే మాట పక్కన ఎవరి పేరుందో చూసే అలవాటు మనకి పోయింది. అలవాటు పోతే పేరూ పోతుంది. మన కోడ్‌లోంచి మన పేరు చెరిపేస్తే ఊరుకుంటామా?

ఊళ్ళో ఉన్న కుర్రాడికి కూడా ఫోన్లో బిస్మిల్లా ఖాన్ వినబడుతున్నాడంటే అది యాప్‌ల చలవే, కాదనను. సీడీలకి గీతలు పడతాయి, లాప్‌టాప్‌లో డ్రైవే లేదు, అదీ ఒప్పుకుంటాను. ఓ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొని, ఫ్లాక్ ఫైళ్ళుగా మార్చి దాచుకోండి. రోజూ బ్యాకప్‌ల గురించి క్లయింటుకి పాఠాలు చెప్పేది మనమేగా :)

వినడానికి అద్దె కట్టండి, తప్పులేదు. కానీ ప్రాణం పెట్టి వినే పాటల్ని మాత్రం కొనుక్కోండి. ఏడాదికి రెండు చాలు.. ఒకటి మీకు తెలిసిన సంగీతం, ఇంకోటి బొత్తిగా తెలియనిది. 2004లో నేను కొన్న ఆ సీడీ నిన్న రాత్రి కూడా మోగింది. దానికి లాగిన్ అడగలేదు.

ఇప్పుడు చెప్పండి, ఎవరు వెర్రివాడు?