వేయి రూపాయల పరువు

"నిర్దోషియైనచో కోర్టువారు విడిచిపెట్టుదురు గదా, ఇక నష్టమేమి?" అని మనలో పెద్దలనబడువారే పలుకుచుండగా విని విని విసుగు కలుగుచున్నది. ఈ మాట పలుకువారు ఒక్కదినమైనను అంగడి మూసికొని వాయిదాలకు తిరిగినవారు కారు.

వర్తకుని మూలధనము గల్లాపెట్టెలో నుండదు, నలుగురి నోట నుండును. పొరపాటున గాని, పరుల పగవలన గాని ఒకనిని పోలీసులు పట్టుకొనిపోయిరన్న వార్త వీధిన పడగానే టోకు వర్తకుడు అరువు నిలిపివేయును. బాకీపడినవాడు మొగము చాటుచేయును. అప్పిచ్చినవాడు తెల్లవారకముందే గుమ్మమున నిలుచును. జామీనుకును వకీలు ఫీజుకును ఇల్లాలి గాజులు తాకట్టునకు పోవును. కుదిరిన పెండ్లిసంబంధము జాతకముల నెపమున తప్పిపోవును. కూలివాడైనచో చెప్పనేల? ఆనాటి కూలి లేదు, ఆ రాత్రి పొయ్యి లేదు. కేసు కొట్టివేయబడిన పిమ్మట వీనిలో తిరిగి వచ్చునదేది? అరెస్టును పెద్ద అక్షరములతో ప్రకటించిన పత్రికలు విడుదలను ప్రకటించుట అరుదు.

దీనికి చట్టము కట్టిన వెల వినుడు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 399వ సెక్షను ప్రకారము, తగిన ఆధారము లేకుండ ఒకనిని అరెస్టు చేయించినవానిచేత మేజిస్ట్రేటు ఇప్పించదగిన పరిహారము వేయి రూపాయలకు మించరాదు. వేయి రూపాయలు! వకీలు ఒక్క వాయిదాకు వచ్చుటకైన చాలునా? అదియు చేయించినవాడిచ్చునదే గాని సర్కారిచ్చునది కాదు. సర్కారుచేత ఇప్పించుకొనవలెనన్న హైకోర్టు, సుప్రీంకోర్టు మెట్లెక్కవలెను. బీహారులో 1968లో నిర్దోషిగా తీర్పు పొందిన యొకడు 1982 వరకు చెరసాలలోనే మ్రగ్గెను. 1983లో సుప్రీంకోర్టు ఇప్పించినది ముప్పదివేలు, అంతకుముందిచ్చిన అయిదువేలు. పదునాలుగేండ్ల ఆయువునకు ముప్పదియైదువేలు!

మనవంటివారికి వేరొక చిక్కు గలదు. బళ్లారిలో, హోసూరులో, షోలాపురములో, బరంపురములో మనము బేరములు ఊరిభాషలో చేయవచ్చును. స్టేషనులో రాసిన కాగితమును చదివి తెలిసికొనగలవారు మన వృద్ధులలో, కూలిజనములో ఎందరు? చదువని కాగితముపై వేలిముద్ర వేసివచ్చినవారిని నేనెరుగుదును. న్యాయస్థానము ఈ విషయమున మనపక్షముననే యున్నది. ఇంగ్లీషు రాని నిర్బంధితునికి ఇంగ్లీషు కాగితమిచ్చిన చాలదని 1962లోనే సుప్రీంకోర్టు మహారాష్ట్ర కేసొకదానిలో నిర్ణయించెను. 2025 నవంబరులో ఇంకను ముందుకు పోయి, నేరమేదైనను అరెస్టు కారణములను వ్రాతమూలకముగా, పట్టుబడినవానికి తెలిసిన భాషలో ఇయ్యవలెననెను. వెంటనే వీలుకానిచో, రిమాండునకై మేజిస్ట్రేటు నెదుట నిలుపుటకు రెండు గంటల ముందైనను ఇచ్చి తీరవలెను. అడుగువాడు లేనిచో ఈ తీర్పు బీరువాలోనే పడియుండును.

మన సంఘము ఏటేట ఉగాది పందిళ్లకు వెచ్చించుచున్న సొమ్ములో సగము తీసి ఒక వకీలును, తెలుగు చదివి వినిపించువానిని ఏర్పాటు చేయవలెనని రాబోవు కార్యవర్గ సమావేశమున తీర్మానము పెట్టుచున్నాను. పందిరి చిన్నదగునని వగచువారు ఆనాడు వచ్చి ఆ మాట నా యెదుట చెప్పుదురుగాక.