రోజ్‌మేరీ: ఆకు వేరు, నూనె వేరు



ఈమధ్య మన ఓ.పి.లోను, వార్డులలోను తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "సిస్టర్‌గారూ, రోజ్‌మేరీ వాడొచ్చా అండీ?" జుట్టు రాలుతున్న ఆడపిల్లలు అడుగుతున్నారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు అడుగుతున్నారు. జ్ఞాపకశక్తికి మంచిదటగా అని పదో తరగతి పిల్లల తల్లులు అడుగుతున్నారు. అడిగేవారితో నాకు ఏ ఇబ్బందీ లేదు. అడగకుండా వాడేవారి కోసం, వాడి కూడా మాకు చెప్పనివారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు పేరు సంగతి చూద్దాం. మన సంఘాలలో రోజ్‌మేరీ పేరుగల అక్కచెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. అందువల్ల ఇది మరియమ్మగారి పేరు మీద వచ్చిన మొక్క అని, అందుకే దీనిలో స్వస్థత ఉందని కొందరు నమ్ముతున్నారు. ఆమె తన పైవస్త్రం ఈ పొద మీద ఆరవేస్తే పువ్వులు నీలంగా మారాయని ఐరోపాలో ఒక జానపద కథ కూడా ఉంది. కథ బాగానే ఉంది గాని పేరు అలా వచ్చింది కాదు. లాటిన్‌లో 'రోస్' అంటే మంచుబిందువు, 'మారినస్' అంటే సముద్రపు అని అర్థం. మధ్యధరా సముద్రపు ఒడ్డున, స్పెయిన్, ఇటలీ, గ్రీసు దేశాల రాతినేలల్లో పెరిగే పొద కాబట్టి ఆ పేరు. సీసా మీద 'బైబిలు మూలిక' అని ముద్రించి అమ్మేవారికి నేను చెప్పేది ఒక్కటే: బైబిలులో ఈ మొక్క పేరు ఎక్కడా లేదు. హిస్సోపు ఉంది, అది వేరే మొక్క.

తులసి, పుదీనా, వాము ఆకు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానిదే. ఆకులు సన్నగా సూదుల్లా ఉంటాయి. నలిపితే కొంచెం కర్పూరం, కొంచెం నీలగిరి తైలం కలిసిన వాసన వస్తుంది. ఈ వాసనను గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరమవుతుంది. మన దేశంలో నీలగిరి కొండల్లో దీనిని సాగు చేస్తున్నారు. లేబుల్ మీద పాత శాస్త్రీయ నామం 'రోస్మారినస్ అఫిసినాలిస్' ఉండవచ్చు, కొత్తది 'సాల్వియా రోస్మారినస్' ఉండవచ్చు. 2017లో వృక్షశాస్త్రజ్ఞులు దీనిని సాల్వియా జాతిలో చేర్చారు. రెండూ ఒకటే మొక్క.

ఆకు మంచిదా అంటే, మంచిదే. ఐరోపాలో మాంసంలోను, బంగాళాదుంపలలోను మనం కరివేపాకు వేసినట్లు వేస్తారు. దీనిలో ఉన్న కొన్ని పదార్థాలు నూనెలు, కొవ్వులు చెడిపోకుండా కాపాడతాయి. అందుకే రోజ్‌మేరీ సారాన్ని ఆహార పరిశ్రమలో నిల్వ కోసం కలుపుతారు. అయితే డబ్బాలో నూనెను కాపాడింది కాబట్టి ఒంట్లో క్యాన్సరును కూడా ఆపుతుందని చెప్పడం చాలా పెద్ద దూకుడు. అజీర్ణానికి ఆకు కషాయం, నొప్పులకు పైపూత, ఈ రెండింటినీ ఐరోపా మందుల సంస్థ సంప్రదాయ వాడుకగా గుర్తించింది. అంటే చాలాకాలంగా జనం వాడుతున్నారు కాబట్టి అనుమతించింది గాని, పరీక్షలలో గట్టిగా రుజువైనందుకు కాదు. 12 ఏళ్ళలోపు పిల్లలకు కషాయం వద్దని, పిత్తాశయంలో రాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవారు తీసుకోకూడదని కూడా చెప్పింది. నన్నడిగితే అజీర్ణానికి మన వాము, జీలకర్ర, అల్లం ఉండగా ఇంత ఖరీదు పెట్టి ఎక్కడి ఆకో కొనుక్కోనక్కర్లేదు. కొనుక్కున్నవారు రోజుకొక కప్పు పలచటి టీ తాగితే నాకు అభ్యంతరమూ లేదు.

జ్ఞాపకశక్తి మాట కూడా పాతదే. షేక్స్‌పియర్ 'హామ్లెట్' నాటకంలో ఒఫీలియా ఈ కొమ్మను జ్ఞాపకానికి గుర్తుగా ఇస్తుంది. మతిమరుపు జబ్బు దీనితో నయమవుతుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. పదో తరగతి పిల్లలకు రాత్రి సరిపడా నిద్ర, పొద్దున ఇంత టిఫిను ముఖ్యం.

ఇక జుట్టు. ఎక్కువమంది దీనికోసమే కొంటున్నారు. 2015లో ఇరాన్ దేశపు వైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. వంశపారంపర్యంగా జుట్టు పలచబడుతున్న 100 మందిని తీసుకుని, సగం మందికి రోజ్‌మేరీ నూనె, సగం మందికి మినాక్సిడిల్ 2 శాతం మందు 6 నెలలు రాయించారు. మూడు నెలలకు ఎవరికీ చెప్పుకోదగిన తేడా రాలేదు. ఆరు నెలలకు రెండు వర్గాలలోనూ వెంట్రుకల సంఖ్య దాదాపు ఒకేలా పెరిగింది. ఫోన్ వీడియోలలో చెప్పేవన్నీ దీనినుండి వచ్చినవే. అయితే ఏమీ రాయని మూడో వర్గం అందులో లేదు. 100 మందితో చేసిన ఒక్క పరిశీలన అది. పైగా అది వంశపారంపర్యపు బట్టతల గురించి చేసింది.

మన దగ్గరకు వచ్చే ఆడవారిలో చాలామందికి ఉన్నది ఆ రకం కాదు. టైఫాయిడ్, డెంగ్యూ వంటి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు, కాన్పు తరువాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెడు గుప్పెడు ఊడుతుంది. భయపడవద్దు. ఎక్కువమందికి కొన్ని నెలలలో దానంతటదే తిరిగి వస్తుంది. ఆ సమయంలో ఏ నూనె రాస్తే ఆ నూనెకే పేరు వస్తుంది! ఇంకొందరికి థైరాయిడ్ ఉంటుంది. మరెందరికో రక్తహీనత ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. సగానికి పైగా అన్నమాట. జుట్టుకోసం నెలనెలా సీసాలు కొంటూ, హిమోగ్లోబిన్ పరీక్షకు మాత్రం వచ్చే నెల చూద్దామంటున్న అమ్మాయిలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. కళ్ళ కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం అంటారు. వారికి కావలసింది ఐరన్ మాత్ర, తోటకూర, గుడ్డు, నులిపురుగుల మందు.

ఇక్కడ ఇంకొక చిన్న చిక్కు ఉంది. రోజ్‌మేరీ సారాన్ని భోజనంతో కలిపి తీసుకుంటే ఆకుకూరలు, పప్పులలోని ఇనుము ఒంటికి పట్టడం కొద్దిగా తగ్గుతుందని 2001లో ఒక పరిశీలనలో తేలింది. మామూలు టీ కూడా అదే పని చేస్తుంది. కాబట్టి ఏ టీ అయినా భోజనంతోను, ఐరన్ మాత్రతోను తాగవద్దు. గంట, రెండు గంటలు ఎడం ఉంచండి.

ఇంతవరకు చెప్పింది ఆకు సంగతి. నన్ను కలవరపెడుతున్నది నూనె.

బజారులో ఒకే పేరుతో మూడు రకాల సీసాలు దొరుకుతున్నాయి. ఒకటి ఆకు నానబెట్టిన లేక మరిగించిన నీళ్ళు. రెండోది కొబ్బరినూనె వంటి దానిలో కొద్దిగా రోజ్‌మేరీ కలిపిన తలనూనె. మూడోది ఆకును ఆవిరి పట్టి తీసిన అసలు నూనె, ఎసెన్షియల్ ఆయిల్ అంటారు. కిలో ఆకు బట్టీలో పెడితే వచ్చేది కొద్ది మిల్లీలీటర్లే. అంత ఆకు బలం ఆ చిన్న సీసాలో ఉంటుంది. ఇందాక వాసన గుర్తుపెట్టుకోమన్నాను. ఈ నూనెలో కర్పూరమూ ఉంది, నీలగిరి తైలంలో ఉండే సినియోల్ అనే పదార్థమూ ఉంది. ఏ ప్రాంతంలో పెరిగిన మొక్క అనేదానిని బట్టి ఎంతెంత అనేది మారుతుంది. ఈ రెండూ కడుపులోకి ఎక్కువగా వెళితే మెదడును రేపి ఫిట్స్ తెప్పిస్తాయి.

పిల్లలున్న ఇళ్ళలో దేవుడి గూట్లో, అద్దం దగ్గర, మంచం పక్కన ఈ సీసాలు పెడుతున్నారు. దయచేసి పెట్టకండి. దాని సైజు, దాని రంగు చూస్తే పిల్లల సిరప్పు సీసాలాగే ఉంటుంది. ఒక టీ చెంచాడు పసిబిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. పొరపాటున తాగితే వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్ళు, చింతపండు రసం, పాలు ఏవీ పోయవద్దు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఈలోపు ఫిట్స్ మొదలైతే ఇంకా ప్రమాదం. బిడ్డ బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఆగవద్దు. కొద్ది నిమిషాలలోనే లక్షణాలు రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, సీసా వెంట తీసుకురండి. రెండేళ్ళలోపు పిల్లలకు జలుబు చేసిందని ఈ నూనె గాని, నీలగిరి తైలం గాని, కర్పూరం గాని ముక్కుకు, ఛాతీకి పూయవద్దు. ఊపిరి బిగుసుకుపోతుంది. కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి రాసే అలవాటు మన ఇళ్ళలో ఎప్పటినుండో ఉంది. అమ్మమ్మలకు కోపం వచ్చినా సరే, చంటిపిల్లలకు అది వద్దనే నేను చెబుతాను.

ఫిట్స్ ఉన్నవారు మరీ జాగ్రత్తగా వినండి. దక్షిణ భారతంలోని నాలుగు ఆసుపత్రులలో నాలుగేళ్ళపాటు చేసి 2021లో ప్రచురించిన పరిశీలనలో, ఫిట్స్‌తో వచ్చిన 350 మందిలో 55 మందికి ఇటువంటి ఘాటు నూనెలతో సంబంధం కనిపించింది. అవి ముఖ్యంగా నీలగిరి తైలం, కర్పూరం. రోజ్‌మేరీ పేరు అందులో ముందు లేకపోయినా ఆ రెండింటి సరుకూ దీనిలో ఉంది. కాబట్టి మూర్ఛ మందులు వాడేవారు ఈ నూనెను తలకు రాయవద్దు, ఆవిరి పట్టవద్దు. ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిల్ల పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ, ఘాటు నూనె, ఏవీ వద్దు.

గర్భిణులు కూరలో ఆకు తింటే ఫరవాలేదు. కషాయం, సారం, మాత్రలు, నూనె వద్దు. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడేవారు డాక్టరుగారితో మాట్లాడకుండా రోజ్‌మేరీ మాత్రలు మొదలుపెట్టవద్దు. ఆరోగ్యవంతులైన పెద్దవారు తలకు రాసుకోవాలంటే 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకు 10, 12 చుక్కలు మించకూడదు. ముందు ముంజేతికి రాసి ఒకరోజు చూడండి. దద్దురు, దురద వస్తే మానేయండి.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన మాట. ఆరాధన అయ్యాక ఆవరణలో సీసాలు పంచుకోవడం, ఫలానా అమ్మకు దీనితో ఫిట్స్ పోయాయట అని సాక్ష్యంతో కలిపి అమ్మడం నేను విన్నాను. సాక్ష్యం దేవునికి మహిమ కోసం చెప్పేది, సరుకు అమ్మడానికి కాదు. అది విని బిడ్డకు రోజూ వేసే ఫిట్స్ మాత్ర ఆపితే, మళ్ళీ వచ్చే ఫిట్ మామూలుగా ఆగకపోవచ్చు. అలాగే ప్రార్థన నూనె నుదుటికి రాసుకోవడం వేరు, తాగడం వేరు. అందులో సువాసన కోసం ఘాటు నూనె కలిపారో లేదో మీకు తెలియదు. తాగవద్దు.

"దేవుడు చేసిన ఆకు హాని చేస్తుందా సిస్టర్?" అంటారు. గన్నేరును, ఉమ్మెత్తను కూడా ఆయనే చేశాడు. యెషయా ప్రవక్త హిజ్కియా రాజుకు అంజూరపు పండ్ల ముద్ద చెప్పినప్పుడు దానిని ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాడు, పుండు మీద. ఎలీషా ప్రవక్త కాలంలో ఒకాయన పొలంలో కనిపించిన అడవి తీగ కాయలు ఏమిటో తెలియకుండా ఒడినిండా కోసుకొచ్చి వంటకుండలో వేశాడు. తిన్నవారు కేకలు పెట్టారు. ఏ మొక్కో, ఏ భాగమో, ఎంతో, ఎవరికో తెలుసుకోవడం అవిశ్వాసం కాదు.

మా వైపు నుండి కూడా మారవలసింది ఉంది. 'ఏం మందులు వాడుతున్నారు' అని నర్సులు అడిగితే జనం ఇంగ్లీషు మాత్రల పేర్లే చెబుతారు. ఆకులు, నూనెలు, పొడులు మందులని వారు అనుకోరు. చెబితే తిడతారేమోనని భయం కూడా ఉంటుంది. ఆ భయం మేమే పెట్టాం, మేమే తీయాలి. కేస్ షీటు రాసేటప్పుడు ప్రతి రోగినీ 'ఆకుపసరు, నూనె, పొడి ఏవైనా వాడుతున్నారా' అని విడిగా అడగాలని నా అభిప్రాయం. ముఖ్యంగా ఆపరేషనుకు ముందు, కాన్పు వార్డులో, పిల్లల వార్డులో ఇది తప్పకుండా అడగాలి. విన్నాక ముఖం చిట్లించకూడదు.

మీరు ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత చీటీలు, మాత్రల అట్టలతో పాటు ఆ సీసా కూడా సంచిలో వేసుకుని రండి. పారేస్తామని భయపడకండి. లేబుల్ చదివి, అది పైపూతకా, తలనూనా, అసలు నూనా అన్నది చెప్పి, మూత గట్టిగా బిగించి మీ చేతికే ఇస్తాం.