వాగు ఎండితే నింద మా మీదనా?

"అడవి కొట్టి పోడు చేశారు, అందుకే వాగు ఎండింది." ఈ మాట మేము బడి పిల్లలుగా విన్నాం. పంతుళ్లమయ్యాకా వింటున్నాం. మరో పక్క "చెట్లు నాటితే నీళ్లొస్తాయి" అని గోడల మీద రాస్తారు. రెండూ సగం నిజాలే. సగం నిజంతో మన భూములు పోతున్నాయి కనుక మిగతా సగం మనమే చెప్పాలి.

మరిపెడ పక్కన పారే ఆకేరు మున్నేరులో కలిసి కృష్ణకు పోతుంది. దాని పరీవాహకంలో పడిన వానంతా వాగులోకి రాదు. కొంత నేల మీంచే ఆవిరవుతుంది, కొంత వేళ్ల గుండా ఎక్కి ఆకుల నుంచి పోతుంది. మిగిలిందే వాగుకు, చెరువుకు, బావికి. మన దగ్గర పడే వాన కంటే ఎండ పీల్చగల నీరు చాలా ఎక్కువ. కరువు ఏడు ఏమవుతుందో పిల్లలకు ఇలా చెబుదాం: వంద బిందెల వానలో ఎనభై ఆవిరైతే వాగుకు ఇరవై. వాన ఎనభైకి తగ్గి, ఆవిరి డెబ్బైకి తగ్గితే వాగుకు పదే. వాన ఐదో వంతు తగ్గితే వాగు సగమైంది. ఇందులో పోడు ఎక్కడుంది?

చెట్టు నీళ్లు తాగుతుంది, దాచడమెందుకు? ఏ చెట్టు, ఎప్పుడు తాగుతుందన్నదే ప్రశ్న. మన అడవిలోని టేకు, తునికి ఎండలకు ఆకు రాలుస్తాయి. ఆకు లేని చెట్టు తక్కువ తాగుతుంది. రాలిన ఆకు కింద నేల మెత్తబడి వానను లోపలికి దించుకుంటుంది. జామాయిల్ ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, ఏడాది పొడవునా తాగుతుంది. ఊటీ దగ్గర గడ్డి నేలలో జామాయిల్ పెట్టి పరిశోధకులు కొలిస్తే, మొదటి కోత లోపే వాగు నీరు 16 శాతం తగ్గింది. కర్ణాటక 2017లో కొత్త జామాయిల్ తోటలను నిషేధించింది. దక్షిణాఫ్రికా 1998 నీటి చట్టం కలప తోటలను వాగు నీటిని తగ్గించే పనిగానే లెక్కగట్టింది. మరి ఇక్కడ పోడు నేరమై, జామాయిల్ పచ్చదనం ఎలా అయింది?

మన తప్పూ ఉంది. పత్తికి, మిరపకు బోరు మీద బోరు దింపింది మనమే. డబ్బులొస్తాయని చెలకల్లో జామాయిల్ పెట్టిందీ మనమే. వాలు నేలను బోడిగా వదిలితే వాన ఇంకదు, మన్నును కోసుకుని పోతుంది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి సీతారాం తండాను ముంచింది. అంతటి వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. కానీ అదే వాగులో ఎండాకాలం ఇసుక తేలుతుంటే, ఇంకే నేలను కాపాడుకోవాలన్న బుద్ధి మనకు రావద్దా?

2006 అటవీ హక్కుల చట్టం అనగానే పట్టా ఒక్కటే గుర్తుకొస్తుంది. ఐదో సెక్షన్ చదివారా? పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు అది ఇచ్చింది. అడవిలో మొక్కలు నాటడానికి ఎవరొచ్చినా గ్రామసభ అడగాలి: ఏ మొక్క? ఎవరి భూమిలో? ఎన్ని నీళ్లు తాగుతుంది?

యువకులారా, ఆ సెక్షన్‌ను సభలో చదివి వినిపించండి. తోటి పంతుళ్లారా, బడిలో వాన కొలిచే సీసా పెట్టండి, ఊరి బావి లోతును పిల్లలతో వారం వారం రాయించండి. ఆ నోటుబుక్కు మన దగ్గరుంటే, రేపు నింద మోసుకొచ్చే వారికి లెక్క చూపి జవాబు చెప్పగలం.