గుప్పెడు గింజలు... 32 అంకెలు!

గోదావరి డెల్టాలో రైస్‌మిల్లులకు పేరుపడ్డ మండపేటలో ధాన్యం లెక్కంతా బస్తాల్లోనే. బస్తా అంటే 75 కిలోలు. గింజల్లో లెక్కపెట్టే ఓపిక ఎవరికుంటుంది!

పోనీ, సరదాగా చూడండి. వెయ్యి గింజలు సుమారు పాతిక గ్రాములు అనుకోండి. ఒక్క గింజతో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోతే... పదిసార్లకు 1,024 గింజలు. గుప్పెడైనా నిండదు. 22 సార్లకు 41,94,304. బస్తా నిండి పొర్లుతుంది. 30 సార్లకు 350 బస్తాలు దాటిపోతుంది. మరి 103 సార్లు చేస్తే?

అంటే, 103 రెండ్లను వరసగా హెచ్చవేస్తే ఎంత? సరిగ్గా ఈ లెక్కనే నిండు సభలో ఎదుర్కొన్నారు లక్కోజు సంజీవరాయశర్మ. 1907లో కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో పుట్టిన ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. ఇంట్లోవాళ్లు చదువుతుంటే విని లెక్కలు నేర్చుకున్నారు. వయొలిన్ వాయిస్తూ గణితావధానాలు చేశారు. కాగితం, కలం లేకుండా ఆయన చెప్పిన జవాబు ఇదీ:

10141204801825835211973625643008

మొత్తం 32 అంకెలు! అన్ని గింజలను తూస్తే, పై లెక్క ప్రకారం సుమారు 40 భూగోళాల బరువు.

అంత పెద్ద సంఖ్య ఒప్పో తప్పో ఎలా తెలుస్తుంది? సంఖ్యలోనే గుర్తులున్నాయి. రెండును హెచ్చవేస్తూ పోతే చివరి అంకెలు 2, 4, 8, 6... మళ్లీ 2, 4, 8, 6. నాలుగింటికోసారి తిరిగొస్తాయి. 103ను 4తో భాగిస్తే శేషం 3. వరుసలో మూడోది 8. శర్మగారి జవాబు చివర ఉన్నదీ 8!

రెండో పరీక్ష... అంకెలన్నీ కూడండి. 110 వస్తుంది. మళ్లీ కూడితే 1+1+0=2. అసలు ఎంత రావాలి? రెండు రెట్లను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 వరుసలో తిరుగుతాయి. 103ను 6తో భాగిస్తే శేషం 1 కాబట్టి వరుసలో మొదటిది... 2. సరిపోయింది! ఒక అంకె పొరబడితే ఈ తూకానికి దాదాపుగా దొరికిపోతుంది. సున్నా, తొమ్మిది ఒకదాని బదులు ఒకటి పడినా, రెండంకెలు అటూ ఇటూ మారినా మాత్రం దొరకదు. అప్పుడు ఓపిగ్గా హెచ్చవేసి చూసుకోవాల్సిందే. అలా చూసినా శర్మగారి జవాబులో ఒక్క అంకె కూడా తేడా రాదు.

ఇంకో విశేషం. 32 అంకెలున్నా ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఒక్కటే... 2. అన్నదమ్ములు ఇద్దరైతే పేచీ లేదు. ముగ్గురైతే మాత్రం ఎలా పంచినా రెండు గింజలు మిగిలిపోతాయి!

శర్మగారు 1997లో కన్నుమూశారు. ఆయన జవాబును ఇంకోసారి రెట్టింపు చేయమని ఇవాళ మీ పిల్లలకు చెప్పండి. చివరి అంకె 6 రావాలి. అంకెలు కూడుతూ పోతే చివరికి 4 తేలాలి. కాలిక్యులేటర్ ముట్టుకోకూడదు సుమా!