నెత్తురు ఎటు పోతోందని అడిగామా?

బీర్పూర్‌లో బీడీలు చేసే స్త్రీల మధ్య కూర్చుని కూలి రేట్లు రాసుకుంటున్నాను. ఒకామె మాటిమాటికీ చాట పక్కన పెట్టి గోడకు ఒరుగుతోంది. ఏమైందంటే "వేడి చేసిందక్కా" అంది. అందరూ వెళ్లాక మెల్లగా చెప్పింది: దొడ్డికి పోయినప్పుడల్లా నెత్తురు పడుతోందట, రెండేళ్లుగా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో బీడీ పని స్త్రీల చేతుల మీదే నడుస్తుంది. ఒళ్లో చాట పెట్టుకుని గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. లేస్తే లెక్క తగ్గుతుందని నీళ్లు తాగరు, దొడ్డికి ఆపుకుంటారు. మలబద్ధకం, ముక్కడం, వాటికి తోడు కాన్పులు. మలద్వారం దగ్గరి రక్తనాళాలు ఉబ్బి మొలలవుతాయి. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్ఖానాలో మరుగుదొడ్లు ఉండాలంది. పని ఇంటి అరుగు మీదికి చేరాక ఆ బాధ్యత యజమానికి తప్పిపోయింది.

మొలల గుర్తులు మనకు తెలియాలి. నొప్పి లేకుండా ఎర్రటి తాజా నెత్తురు మలం మీద చారగానో బొట్లుగానో పడడం, ముక్కినప్పుడు కండలాంటి వాపు బయటికి రావడం, దురద, జిగురు. కోసినట్టు నొప్పి ఉంటే అది చీలిక కావచ్చు. నెత్తురు మలంలో కలిసిపోయినా, విరేచనం తీరు మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఐరన్ మాత్రలు వేసుకోకుండానే మలం నల్లగా జిగటగా ఉన్నా మొలలేనని ఊరుకోకూడదు. పేగు క్యాన్సర్ వంటివి కావని డాక్టరు చేత తేల్చుకోవాలి.

ఇందులో మన తప్పు కూడా ఉంది. పాలిపోయిన స్త్రీని చూడగానే రక్తం తక్కువని ఐరన్ మాత్రలిప్పిస్తాం. నెత్తురు ఎటు పోతోందని అడగం. అడిగినా నెలసరి దగ్గరే ఆగిపోతాం. ఆ మాత్రలు కొందరికి మలాన్ని మరింత గట్టిపరుస్తాయి. స్త్రీ ఆరోగ్యమంటే గర్భసంచేనన్న చూపును ఇన్నేళ్లుగా విమర్శిస్తున్న మనం, మన సర్వే కాగితాల్లో అదే చూపును ఉంచుకున్నాం.

మొదట్లోనే గుర్తిస్తే నీళ్లు, పీచున్న తిండి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూర్చోవడం చాలామందికి సరిపోతాయి. ఆలస్యమైతే ఆపరేషన్ దాకా పోవచ్చు. గోడల మీది 'గ్యారంటీ చికిత్స' రాతలు ఆమెకు సులువుగా కనిపిస్తాయి. తలుపు వేసుకుని మాట్లాడగల మహిళా డాక్టరు మాత్రం దొరకదు. ఆ డాక్టరు కోసం, పని మధ్యలో లేచే హక్కు కోసం అడగడం మన పనే. వచ్చే సంఘం మీటింగులో కూలి రేటుతో పాటు ఈ ప్రశ్న కూడా అడుగుదాం: "దొడ్డికి పోతే నెత్తురు పడుతోందా?"