పెద్ద సంస్థ తోడు మంచిదే, గడువు కాగితం మీద ఉండాలి

పాతపట్నం: జీడిపప్పు, చింతపండు వంటి సరుకులతో చిన్న యూనిట్ పెట్టేవారికి అప్పు పుట్టడం ఒక ఎత్తు, సరుకు కొనే పెద్ద సంస్థ దొరకడం మరో ఎత్తు. అయితే సంస్థ దొరికినంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు.

పొత్తు సవ్యంగా కుదిరితే ఏమవుతుందో హైదరాబాదు స్కైరూట్ కంపెనీ చూపింది. ఇస్రోలో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లు 2018లో దీన్ని స్థాపించారు. రాకెట్ నమూనా వారిది. మోటారును మండించి చూసేందుకు పేలుడు పదార్థాలు తయారుచేసే నాగపూర్ సంస్థ సోలార్ ఇండస్ట్రీస్ తన ఆవరణలో వసతి ఇచ్చింది. 2020 డిసెంబరులో ఆ పరీక్ష నెగ్గింది. శ్రీహరికోటలో ఇస్రో చోటిచ్చింది. 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ దేశంలో తొలి ప్రైవేటు రాకెట్‌గా నింగికెగిరింది. పెద్దవారు వసతి ఇచ్చారు, చిన్నవారు తెలివి పెట్టారు.

పల్లె యూనిట్ల చిక్కు వేరు. సరుకు వెళ్ళిపోతుంది, సొమ్ము రాదు, ఈలోగా అప్పు మీద వడ్డీ పెరుగుతుంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి.

ఈ రక్షణ కోరే యూనిట్ ముందుగానే ఉద్యమ్ కింద నమోదై ఉండాలి. నమోదుకు రుసుము లేదు. ఆర్డరుతో మురిసిపోయి ఈ పని మరిస్తే, సరుకు పంపినవారే చివరికి వడ్డీ కట్టుకోవలసి వస్తుంది.