ఓటీపీ మోగేది ఎవరి జేబులో?

దేవరకొండలోనో మక్తల్‌లోనో దెబ్బలు తిన్న ఆడమనిషి సాయం కోసం వెతికేది ఎవరి ఫోనులో? చాలా ఇళ్లలో అది మొగుడి ఫోను. ఆమెకు వేరే ఫోను ఉన్నా లాక్ తీయడం ఆయనకు తెలుసు, ఆధార్‌కు కలిపిన నంబరూ ఆయనదే. ఇది తెలిసి కూడా ఆన్‌లైన్ ఫిర్యాదు ఫారానికి ఓటీపీ పెట్టేవాళ్లు ఆమెను ఆయనకు పట్టిస్తున్నారు. ఆపైన ‘మీ ఫిర్యాదు అందింది’ అని మెసేజ్. ఆ రాత్రి ఆమె గతి ఏమిటి?

ఓటీపీ లేకపోతే దొంగ ఫిర్యాదులు వస్తాయంటారు. రానీయండి! వాటిని ఏరడానికి, హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి కేంద్రంలో మనుషులున్నారు. ఫారం పూర్తి చిరునామా కూడా అడుగుతుంది. పుణెలో కట్టడం పనికి పోయి రేకుల షెడ్డులో ఉంటున్న పాలమూరు మనిషి ఏ చిరునామా రాయాలి? ఏ వేళకు, ఏ నంబరుకు ఫోన్ చేస్తే ప్రమాదం లేదో అడగండి, చాలు.

ఫారం దాటి కోర్టుకు వెళ్లినా గుట్టు దాగదు. గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాని 16వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు తలుపులు మూసి విచారించవచ్చు. 2006 నియమాల ప్రకారం, ఆమె కోరితే, తమ దగ్గర ఉన్న సంగతి ఆశ్రయ గృహం వాళ్లు మొగుడికి చెప్పకూడదు. మరి కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ సైటులో జిల్లా ఎంచుకుని పార్టీ పేరు, సంవత్సరం కొట్టి కేసులు వెతకొచ్చు కదా! మొగుడికి నోటీసు ఎలాగూ వెళ్తుంది. ఊరికి, ఆయన బలగానికి, ఆమెకు పని ఇచ్చేవాడికి ఎందుకు తెలియాలి? అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. ఇంట్లో తన్నులు తిన్న మనిషి పేరుకు ఆ పాటి విలువ లేదా?

ఆమె గుట్టు కాపాడడం చేతకాని పని కాదు. బ్రిటన్ ప్రభుత్వ సైట్ల కోసం తయారుచేసిన ఒక మీట నొక్కితే పేజీ మాయమై వాతావరణం పేజీ వస్తుంది. అయితే ఫోనులో హిస్టరీ పోదు. ఆ మాట, దాన్ని చెరిపే పద్ధతి పేజీ పైనే తేట తెలుగులో ఉండాలి. అమెరికాలో 2022 చట్టం కింద వచ్చిన నియమాలు గృహహింస హెల్ప్‌లైన్ కాల్స్‌ను కంపెనీ చూపే కాల్ జాబితాలో కనిపించనీయవు. ఇక్కడ మహిళా హెల్ప్‌లైన్ 181కి ఆ రక్షణ ఇవ్వమని టెలికాం కంపెనీలను ఆదేశించాలి.

మహిళా శిశు సంక్షేమ శాఖను అడుగుతున్నాను: ఏ ఫారమైనా జనంలోకి వదిలే ముందు నల్లగొండ, మహబూబ్‌నగర్ సఖి కార్యకర్తల చేతికి ఇవ్వండి. పక్కన మొగుడు కూర్చున్నాడనుకుని నింపి చూడమనండి. వాళ్లు వద్దన్న ప్రతి గడీ తీసేయండి.